సెలవుల్లో ఆట ఎప్పుడు చదువవుతుంది?

ఏప్రిల్ మూడో వారం వచ్చేసరికి అనంతపురం వీధుల్లో కరెంటు స్తంభాలకూ ఆటోల వెనుక అద్దాలకూ రెండు రకాల కాగితాలు అంటుకుంటాయి. ఒకదానిలో ఈత, కరాటే, చిత్రలేఖనం, అబాకస్, స్పోకెన్ ఇంగ్లీషు కలిపిన వేసవి శిబిరం ఉంటుంది. రెండోదానిలో రాబోయే తరగతి పాఠాలను ముందే చెప్పేసే బ్రిడ్జి కోర్సు ఉంటుంది. కర్నూలులోనూ కడపలోనూ ఇదే దృశ్యం. ఇంట్లో అవ్వ మాట మూడోది: "ఈ ఎండల్లో పిల్లోల్ని యాడికీ తిప్పొద్దు. ఊరికి పంపించండి, నాలుగు దినాలు ఆడుకుంటారు." ఆడుతూ నేర్చుకోవాలని ఒకరు, చదివింది మరిచిపోతారని ఇంకొకరు, పసివాళ్లకు విశ్రాంతి కావాలని మరొకరు అంటారు. మూడు మాటల్లోనూ కొంత నిజం ఉంది కాబట్టే తల్లిదండ్రులకు తేల్చుకోవడం కష్టమవుతోంది. "ఆటలతో చదువు" అనే మాటకు అసలు అర్థమేమిటో, అది ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ పేరుకే మిగులుతుందో మన ప్రాంతపు ఉదాహరణలతోనే చూద్దాం.

వసంతమా, వేసవా: సెలవుల లెక్క

పంచాంగం ప్రకారం చైత్ర వైశాఖాలు వసంత రుతువు. కనుక మన పిల్లల పెద్ద సెలవుల్లో ఎక్కువ భాగం పేరుకు వసంతంలోనే వస్తుంది, ఒంటికి మాత్రం అది నిఖార్సైన ఎండాకాలం. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలవుతాయి, ఏప్రిల్ చివరి వారంలో బడి మూతపడుతుంది. 2025లో రాష్ట్రంలో ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు, అంటే సరిగ్గా 49 రోజులు సెలవులు ఇచ్చారు.

2009 నాటి విద్యా హక్కు చట్టం 1 నుంచి 5 తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 6 నుంచి 8 తరగతులకు 220 పనిదినాలు ఉండాలని చెప్పింది. ఆ లెక్కన ఆరో తరగతి పిల్లకు ఏడాదిలో దాదాపు 145 రోజులు బడి ఉండదు. అందులో మూడో వంతు ఈ ఒక్క విడతలోనే, ఏకధాటిగా వస్తుంది. ఆదివారాల గురించి ఎవరూ చర్చించరు గానీ ఈ 49 రోజుల గురించి ఏటా చర్చించేది అందుకే.

నిజంగా మరిచిపోతారా?

బ్రిడ్జి కోర్సు కాగితాల్లో కనిపించే ప్రధాన వాదన ఇదే. దీనికి ఆధారంగా చూపే పరిశోధనలు ఎక్కువగా అమెరికావి. అక్కడి వేసవి సెలవులు పది, పదకొండు వారాల దాకా ఉంటాయి. 1996లో హారిస్ కూపర్ బృందం 39 అధ్యయనాలను సమీక్షించి, సెలవుల తరువాత పిల్లల మార్కులు సగటున ఒక నెల చదువుకు సమానమైనంత తగ్గుతున్నాయని తేల్చింది. ఆ సమీక్షలో శ్రద్ధగా చూడవలసిన వివరాలు రెండున్నాయి. ఒకటి, చదవడం కన్నా లెక్కలే ఎక్కువగా దెబ్బతిన్నాయి. లెక్కల్లోనూ భావాల కన్నా అలవాటు మీద నడిచే కూడికలు, గుణకారాలు ముందుగా జారిపోయాయి. రెండు, మధ్యతరగతి పిల్లలు చదవడంలో వెనకబడలేదు, పేద పిల్లలు మాత్రం వెనకబడ్డారు.

ఈ నిర్ధారణను అందరూ ఒప్పుకోలేదు. 2019లో పాల్ వాన్ హిప్పెల్ అనే పరిశోధకుడు, పాత అధ్యయనాలు వాడిన పరీక్షల కొలమానాలే సరిగా లేవని, కొలిచే పద్ధతి మారిస్తే పేద, మధ్యతరగతి పిల్లల మధ్య సెలవుల్లో పెరిగిందనుకున్న దూరం చాలావరకు కనబడటం లేదని వాదించాడు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచేది ఇది: ఎక్కాలు, గుణింతాల వంటి అలవాటు మీద ఆధారపడే నైపుణ్యాలు ఏడు వారాలు తాకకుండా వదిలేస్తే కొంత మొద్దుబారడం సహజమే, అయితే ఏడాది చదువంతా ఆవిరైపోతుందని భయపెట్టేంత ఆధారం మాత్రం లేదు. మొద్దుబారిన దానికి పదును పెట్టడానికి రోజుకు ఐదు గంటల తరగతి అవసరం లేదు. దాన్ని అప్పుడప్పుడు వాడుకునే సందర్భం ఉంటే సరిపోతుంది, ఆట అటువంటి సందర్భాన్ని ఇవ్వగలదు.

మూడు రకాల ఆటలు

"ఆటలతో చదువు" అనే ఒక్క పేరు కింద మూడు వేర్వేరు విషయాలు కలిసిపోతున్నాయి. చాలా గందరగోళానికి కారణం ఇదే.

మొదటిది విడి ఆట. నియమాలు పిల్లలవే, పెద్దల ప్రమేయం ఉండదు. వీధిలో గోలీలాట, చెట్టు కింద బొమ్మల పెళ్లి ఈ కోవలోవి. రెండోది తోడున్న ఆట. సామగ్రినీ పరిస్థితినీ పెద్దలు సమకూరుస్తారు, అవసరమైన చోట ఒక ప్రశ్న అడుగుతారు, ఏం చేయాలో మాత్రం పిల్లలే నిర్ణయించుకుంటారు. మూడోదాన్ని నేను ముసుగు పాఠం అంటాను. రంగుల కాగితం మీద ఎక్కాల పట్టిక అచ్చువేసి, చుట్టూ ఏనుగు బొమ్మలు పెట్టి, "ఫన్ యాక్టివిటీ" అని పేరు పెట్టినది ఈ రకం. పిల్ల చేసే పని మాత్రం గళ్లు నింపడమే.

2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఆటలతో, పనులతో బోధన సాగాలని చెప్పింది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలు పది రోజులపాటు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు వంటి స్థానిక నిపుణుల దగ్గర పని నేర్చుకోవాలని కూడా సూచించింది. ఈ విధానం ఉద్దేశించింది రెండో రకాన్ని. అచ్చులో, శిబిరాల్లో ఎక్కువగా దొరుకుతున్నది మూడో రకం. ఈ రెండింటినీ వేరుచేసే గుర్తు ఒకటుంది. తోడున్న ఆటలో పిల్ల ముందుగా ఒక ఊహ చెప్పగలదు, ఆ ఊహ తప్పవచ్చు, తప్పితే ఎందుకు తప్పిందో మళ్లీ చేసి చూసుకోవచ్చు. ముసుగు పాఠంలో తప్పుకు దక్కేది ఎర్ర గీత ఒక్కటే.

మొదటి ఉదాహరణ: నీడ మాయమయ్యే మధ్యాహ్నం

నడినెత్తిన సూర్యుడు అని మనం రోజూ అంటాం గానీ, సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేది ఏడాదిలో రెండే రెండు రోజులు. కర్కటరేఖకు ఉత్తరాన ఉన్న ఢిల్లీ వాళ్లకు ఆ రెండు రోజులు కూడా లేవు. భూమి అక్షం వంగి ఉండటం వల్ల మధ్యాహ్న సూర్యుడు డిసెంబరు నుంచి జూన్ దాకా రోజూ కొంచెం కొంచెం ఉత్తరానికి జరుగుతాడు. ఆ ప్రయాణంలో మన ఊరి అక్షాంశాన్ని దాటే రోజున, నిటారుగా నిలబెట్టిన కర్రకు మధ్యాహ్నం నీడే ఉండదు. కడప అక్షాంశం సుమారు 14.5 డిగ్రీలు కాబట్టి అక్కడ ఆ రోజు ఏప్రిల్ 29 ప్రాంతంలో వస్తుంది. అనంతపురం 14.7 డిగ్రీల దగ్గర ఉంది, అక్కడ ఏప్రిల్ 30. కర్నూలు 15.8 డిగ్రీలు, అక్కడ మే 4 ప్రాంతం. సూర్యుడు దక్షిణానికి తిరుగుముఖం పట్టాక ఆగస్టులో రెండోసారి వస్తుంది, అప్పటికి బడి ఉంటుంది, ఆకాశంలో మబ్బులూ ఉంటాయి. అందువల్ల దీన్ని చూడటానికి సెలవులే సరైన కాలం.

మా అన్న కూతురు ఆరో తరగతి చదువుతున్నప్పుడు అనంతపురంలో మా ఇంటి మేడమీద ఒక వెడల్పాటి చెక్కపలకకు కింద నుంచి మేకు కొట్టి మీటరు కర్ర నిలబెట్టాం. దారానికి నట్టు కట్టి, మేస్త్రీలు గోడకు పెట్టి చూసినట్టు, కర్ర నిటారుగా ఉందో లేదో చూసుకున్నాం. చెరిగిపోకుండా ఉండాలని నీడ కొసన వాళ్లమ్మ గోళ్ల రంగుతో చుక్కలు పెట్టింది. సరిగ్గా పన్నెండు గంటలకు నీడ పోతుందని పిల్ల ఊహ. పన్నెండయింది, కర్రకు పడమరగా ఏడు సెంటీమీటర్ల నీడ అలాగే ఉంది. కర్ర వాలిందేమోనని మళ్లీ దారం పెట్టి చూసింది. పన్నెండుంపావు దాటాక నీడ కర్ర మొదట్లోకి ముడుచుకుపోయింది. "చిన్నాయనా, నీడ యాడికి పోయింది?" అన్న ప్రశ్న కన్నా ఆ తరువాత వచ్చిన ప్రశ్న విలువైనది: "పన్నెండుకు పోకుండా ఇప్పుడెందుకు పోయింది?"

జవాబు లెక్కలో ఉంది. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి ఒక డిగ్రీకి 4 నిమిషాలు. మన గడియారాలు నడిచేది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రకారం. అది మన రాష్ట్రంలో కాకినాడ సమీపంగా పోతుంది. అనంతపురం 77.6 డిగ్రీల దగ్గర ఉంది. తేడా 4.9 డిగ్రీలు, దాన్ని నాలుగుతో గుణిస్తే సుమారు 20 నిమిషాలు. భూమి కక్ష్య కచ్చితమైన వృత్తం కాకపోవడం, అక్షం వంగి ఉండటం వల్ల ఏప్రిల్ చివర్లో సూర్యుడు గడియారం కన్నా దాదాపు 3 నిమిషాలు ముందుంటాడు. 20 లోంచి 3 తీస్తే 17. అనంతపురంలో నీడ మాయమయ్యేది 12 గంటల 17 నిమిషాలకు, కొంచెం తూర్పుగా ఉన్న కడపలో దాదాపు 12 గంటల 12 నిమిషాలకు, కర్నూలులో 12 గంటల 15 నిమిషాల దరిదాపుల్లో. భాగహారం, గుణకారం, రేఖాంశం, భూభ్రమణం అన్నీ ఒక్క చుక్క దగ్గర కలిశాయి. ఆ పిల్లకు డిగ్రీకి నాలుగు నిమిషాలన్న సంగతి పుస్తకంలో ముందే ఉంది, పరీక్షలో రాసింది కూడా.

ఇక్కడ ఎండ గురించి ఒక మాట తప్పదు. మైదానాల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, సాధారణం కన్నా 4.5 డిగ్రీలు పెరిగితే వాతావరణ శాఖ దాన్ని వడగాలిగా లెక్కిస్తుంది. మన మూడు జిల్లాలకు అది కొత్త కాదు. నీడ చూసే పనికి తలమీద తువ్వాలు, కాళ్లకు చెప్పులు, రెండు మూడు నిమిషాలు చాలు. మధ్యాహ్నం తక్కిన సమయమంతా ఇంటిపట్టున గడిచేదే. అందుకు తగిన ఆట మన పెద్దలు ఎప్పుడో కట్టిపెట్టారు.

రెండో ఉదాహరణ: గవ్వల్లో దాగిన పదహారు

అష్టాచెమ్మ అనీ, మన వైపు కొన్ని ఊళ్లలో బారాకట్ట అనీ పిలిచే ఆటకు నాలుగు గవ్వలు చాలు. గవ్వలు లేకపోతే చింతగింజలను బండమీద ఒకవైపు తెల్లగా కనబడేదాకా అరగదీసి వాడతారు. ఒక్కటి వెల్లకిల పడితే ఒకటి, రెండు పడితే రెండు, మూడైతే మూడు. నాలుగూ వెల్లకిల పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. ఊరిని బట్టి లెక్క కొంచెం మారవచ్చు. చెమ్మకూ అష్టకూ మాత్రం మరో పందెం దొరుకుతుంది.

అష్ట తన చేతికే ఎక్కువ వస్తుందని, గవ్వల మీద ఊదితే పడుతుందని ప్రతి పిల్లకూ ఒక నమ్మకం ఉంటుంది. దాన్ని కొట్టిపారేయకుండా లెక్కవేసి చూడవచ్చు. ఒక్కో గింజ రెండు విధాలుగా పడగలదు కాబట్టి నాలుగు గింజలు కలిసి పడగల తీరులు 2×2×2×2, అంటే 16. అందులో ఒక్కటే వెల్లకిల పడే తీరులు 4, రెండు పడేవి 6, మూడు పడేవి 4. అన్నీ వెల్లకిల పడేది 1, అన్నీ బోర్లా పడేది 1. కలిపితే 16. అంటే రెండు పడటం అష్ట పడటం కన్నా ఆరు రెట్లు సులువు. అరుదుగా పడేదానికే ఎక్కువ గళ్లు, అదనపు పందెం ఇవ్వాలన్న న్యాయం ఈ ఆట నియమాల్లోనే ఉంది. దాన్ని ఏర్పరచిన వాళ్లు సంభావ్యత అనే మాట వాడి ఉండరు గానీ అనుభవంతో ఆ లెక్కను పట్టుకున్నారు, దాన్ని తలచుకున్నప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది.

160 సార్లు వేసి గీతలు పెడితే చింతగింజలకు 40, 60, 40, 10, 10కి దగ్గరగా రావాలి. గవ్వలతో వేస్తే అలా రాకపోవచ్చు, ఎందుకంటే గవ్వ రెండు వైపులా ఒక్కలాంటిది కాదు, దాని ఒక పక్క ఉబ్బుగా ఉంటుంది. ఏ వైపు మొగ్గుతుందో ఊహించడం, గీతలు పెట్టి సరిచూడటం ఒక సాయంత్రానికి సరిపడే పని. ఐదేళ్ల పిల్లకు ఇదే ఆటలో గళ్లు లెక్కపెట్టడమే పెద్ద పాఠం. వయసును బట్టి అడిగే ప్రశ్న మారుతుంది, గవ్వలు అవే.

మూడో ఉదాహరణ: వంటింటి బండ నుంచి బెలూం దాకా

ఊరు చూపించడం కూడా విజ్ఞాన యాత్ర పేరుతో ఈ చర్చలోకి వస్తుంది. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల దగ్గర బెలూం గుహలకు సెలవుల్లో చాలామంది పిల్లల్ని తీసుకువెళతారు. గుహల పొడవు 3,229 మీటర్లు, సందర్శకులు తిరిగేది దాదాపు కిలోమీటరున్నర. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూవిజ్ఞాని వీటి గురించి రాశాడు, 1982-83లో జర్మన్ బృందం లోపలంతా పరిశీలించింది. ఈ అంకెలన్నీ బోర్డు చదివినా తెలుస్తాయి. రంగు దీపాల ముందు ఫోటో దిగి బయటికి వచ్చిన పిల్లకు గుహ ఎందుకు ఏర్పడిందో తెలియకపోతే ప్రయాణం విహారంగా మిగులుతుంది. విహారంలో తప్పేమీ లేదు, దానికి విజ్ఞానం పేరు పెట్టినప్పుడే చిక్కు.

మన ఇళ్లలో నేలకు, వంటింటి గట్టుకు పరిచే బేతంచర్ల నాపబండ కూడా సున్నపురాయే. దానిమీద నిమ్మరసం పడి కాసేపు ఉంటే ఆ చోట మెరుపు పోయి మచ్చ ఏర్పడుతుందని ప్రతి ఇల్లాలికీ తెలుసు. విరిగిన బండముక్కను గీకి, ఆ పొడిమీద నాలుగు చుక్కలు నిమ్మరసం వేస్తే సన్నటి బుడగలు లేస్తాయి. పుల్లని రసం సున్నపురాయిని కరిగించి బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడ్) విడుదల చేస్తోంది. వాననీరు మట్టిలోంచి దిగేటప్పుడు అదే వాయువును కలుపుకొని అతి పలచని ఆమ్లంగా మారుతుంది. నిమ్మచుక్క నిమిషాల్లో చేసిన పనిని అది లక్షల ఏళ్లపాటు నెమ్మదిగా చేస్తే గుహ ఏర్పడుతుంది. ఈ పని ఇంట్లో చేసి వెళ్లిన పిల్ల బెలూంలో గోడను తాకి చూస్తుంది, నీరు ఎటు పారిందో వెతుకుతుంది. వెళ్లే స్తోమత లేని పిల్లకు సైతం సగం గుహ వంటింట్లోనే దొరుకుతుంది.

మట్టికుండ నీళ్లు ఎందుకు చల్లబడతాయన్నదీ ఇటువంటిదే. కుండ పైకి ఊరిన తడి త్వరగా ఆవిరయ్యే మన పొడిగాలిలో అది సముద్రతీరంలో కన్నా బాగా చల్లబరుస్తుంది. బంధువుల ఊరు నెల్లూరో మచిలీపట్నమో అయితే ఆ తేడా పిల్లలే గమనించగలరు.

ఎవరి వాదన ఎంతవరకు

పూర్తి విశ్రాంతి కావాలనే వారి మాటకు బలముంది. పది నెలల బడి తరువాత ఏ కార్యక్రమమూ లేని రోజులు, మేనమామ ఊళ్లో మేకల వెంట తిరిగిన పూట పిల్లల ఎదుగుదలలో భాగమే. విసుగు పుట్టినప్పుడే పిల్లలు సొంతంగా ఆట కట్టుకుంటారు. ప్రతి గంటనూ "ఉపయోగకరం" చేయాలని చూస్తే తోడున్న ఆట కూడా కొద్ది రోజుల్లో ముసుగు పాఠంగా మారిపోతుంది. నీడ చుక్క పెట్టడానికి పిల్ల రాననే రోజు ఉంటుంది, ఆ రోజు చుక్క లేకపోవడమే సరైనది.

బ్రిడ్జి కోర్సులు కోరే తల్లిదండ్రులను తప్పుపట్టడం కూడా తేలిక కాదు. ఐదో తరగతి పిల్ల రెండో తరగతి పుస్తకం తడబడకుండా చదవలేకపోతే గవ్వలాట దాన్ని సరిచేయదు. అటువంటి పిల్లకు అక్షరాల దగ్గర నుంచి ఓపికగా చెప్పే మనిషి కావాలి. సెలవుల్లో తరగతులు నడపవద్దని విద్యాశాఖ ఏటా హెచ్చరించేది ఎండలను, పిల్లల అలసటను దృష్టిలో పెట్టుకొని. వెనకబడిన పిల్లకు ఇంట్లో గంటసేపు తోడు కూర్చోవడం వేరు, బాగా చదివే పిల్లకు వచ్చే ఏడాది సిలబస్‌ను మేలోనే మొదలుపెట్టడం వేరు. రెంటినీ ఒకే పేరుతో అమ్ముతున్నందువల్ల అవసరం లేనివారు చేరుతున్నారు, అవసరమున్నవారికి రుసుము అడ్డమవుతోంది.

ఈ చర్చలో తరచుగా మరిచిపోయే పిల్లలు కూడా ఉన్నారు. కర్నూలు జిల్లా పడమటి మండలాలైన ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపు వలసపోతాయి. పిల్లల్లో కొందరికి బడి ఏప్రిల్ కన్నా ముందే ఆగిపోతుంది. బడి మూతపడటమంటే మధ్యాహ్న భోజనం ఆగిపోవడం కూడా. 2016 కరవు ఏడాదిలో, కరవు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ ఆ భోజనం కొనసాగించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ ఆదేశం వర్తించిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఆకలి తీరని పిల్లకు ఏ ఆటా చదువు కాదన్న సంగతిని ఆ ఆదేశం గుర్తించింది. రుసుము కట్టలేని ఇళ్లకు గ్రంథాలయాలు నడిపే ఉచిత వేసవి శిబిరాలు ఒక దారి, కథల పుస్తకాలు, బొమ్మలు వేయడం, చదరంగం వంటివి అక్కడ ఉంటాయి. పేద పిల్లలే సెలవుల్లో చదవడంలో వెనకబడుతున్నారన్న కూపర్ సమీక్షలోని మాట నిజమైతే, మండల కేంద్రంలో తలుపు తెరిచి ఉన్న ఒక చదువుగది ఏ శిబిరానికీ తీసిపోదు.

పలక మీది చుక్కలు

మా ఇంటి మేడమీద పలక సంగతి పూర్తి చేయాలి. సెలవులు మొదలైన ఏప్రిల్ 24న మధ్యాహ్నపు నీడ కర్రకు ఉత్తరంగా మూడు సెంటీమీటర్లు ఉండింది. ఏప్రిల్ 30న లేదు. మే నెలలో అది అవతలి వైపుకు, దక్షిణానికి దాటింది. ఏడాదంతా నీడ ఉత్తరానికే పడుతుందనుకున్న పిల్లకు అది మొదట పొరపాటుగా తోచింది, రెండు రోజులు పలకను తిప్పి తిప్పి చూసింది. జూన్ 11న, సెలవుల ఆఖరి మధ్యాహ్నం, చుక్క దక్షిణంగా దాదాపు 15 సెంటీమీటర్ల దూరంలో పడింది. మొదట్లో వెడల్పుగా ఉన్న చుక్కల ఎడం చివరికి వచ్చేసరికి ఒకదానికొకటి తాకేంత దగ్గరైంది. "ఇంకెంత దూరం పోతుంది చిన్నాయనా?" అని అడిగింది. జూన్ 21న సూర్యుడు వెనుదిరుగుతాడనీ, అప్పటికి నీడ ఇంకో సెంటీమీటరు కన్నా ఎక్కువ జరగదనీ చెప్పగలిగేవాణ్ణే. చెప్పలేదు. గోళ్ల రంగు సీసా మూత తీసి, ఆఖరి చుక్కకు జానెడు అవతల, పలక అంచున, తన ఊహగా ఒక ఎర్ర చుక్క పెట్టి కిందికి దిగింది.